పది అంకెల ఓపిక

ఆపరేటరమ్మకి ఓపిక లేదని ఎవరూ అనలేరు. ఉంది, కాకపోతే సరిగ్గా పది అంకెల దాకా ఉంటుంది. మనసులో ఒకటి నుంచి పది లెక్కపెట్టుకుంటుంది. ఆలోగా ఎదుటివాళ్ళు పలికారా సరే, లేకపోతే వాళ్ళతో ఆమెకి పని అయిపోయినట్టే. కూరగాయల కొట్టతను ధర చెప్పడానికి పది దాటిస్తే పక్క కొట్టుకి నడిచేస్తుంది. తలుపు కొట్టినవాళ్ళు ఎవరో పదిలోగా చెప్పకపోతే తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఒకసారి సొంత చెల్లెలికి మాట మధ్యలో తుమ్ము రాబోయి ఆగిపోతే, అది వచ్చేలోపు ఫోన్ పెట్టేసింది. చెల్లెలు వారం రోజులు అలిగింది.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, మిల్లులో అంటుకుంది. ఇరవై ఆరేళ్ళపాటు ఆమె ఒక పెద్ద నూలు మిల్లులో టెలిఫోన్ ఆపరేటరు. ఊరంతా బటన్ల ఫోన్లు వచ్చాక కూడా ఆ మిల్లు యజమాని తన పాత తీగల బోర్డు మార్చనని భీష్మించుకు కూర్చున్న మనిషి. ఆ బోర్డు ముందు కూర్చుని, ఫలానా గదికి ఫలానా గది కావాలంటే ఒక తీగ తీసి ఆ రంధ్రంలో గుచ్చడం, అవతలివాళ్ళు పలికారో లేదో చెవి పెట్టి వినడం ఆమె పని. అక్కడొక నియమం ఉండేది. కలిపాక పది లెక్కపెట్టాలి. పదిలోగా ఏ పక్కనుంచీ ఉలుకూ పలుకూ లేకపోతే తీగ లాగెయ్యాలి. వెనక ఇంకో పదిమంది లైను కోసం కాచుకుని ఉంటారు మరి.

మిల్లులో ఆమె ముఖం చూసినవాళ్ళు తక్కువ, గొంతు తెలియనివాళ్ళు లేరు. పన్నెండేళ్ళ కిందట యజమాని పోయాడు, కొడుకు వచ్చాడు, తీగల బోర్డు స్థానంలో అగ్గిపెట్టెల కట్టంత ఆటోమేటిక్ యంత్రం వచ్చింది. ఆపరేటరమ్మకి ఒక గోడగడియారం బహుమతిగా ఇచ్చి పంపించేశారు. అది అంతకు నెల ముందు ఆమె భర్తే బాగుచేసి ఇచ్చిన పాత గడియారమని మిల్లువాళ్ళకి తెలియదు. ఆయన మాత్రం చూడగానే గుర్తుపట్టాడు.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధి వైపు గదే కొట్టు. ఆ గది గోడల మీద, బల్లల మీద, కిటికీ గట్టు మీద కలిపి ముప్ఫై ఒక్క గడియారాలు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. చేతికి మాత్రం గడియారం పెట్టుకోడు, మిఠాయి కొట్టువాడు మిఠాయి తిననట్టు. రోజు మొత్తం మీద ఇరవై మాటలు మాట్లాడితే ఆ రోజు ఆయన వాగినట్టు లెక్క. ఆయనకీ ఒక నియమం ఉంది. నడుస్తున్న గడియారాన్ని చేత్తో ఆపకూడదు. ఎవరైనా లోలకం మీద వేలు పెట్టబోతే, ఇరవైలో రెండు మాటలు ఖర్చుపెట్టి మరీ వారిస్తాడు.

అలాంటి మనిషితో పన్నెండేళ్ళుగా రోజంతా ఇంట్లో ఉండటమంటే ఎలా ఉంటుందో ఆపరేటరమ్మనే అడగాలి. గొంతు ఉండీ వినేవాళ్ళు లేకపోవడం ఆమెకి ఆకలి లాంటిది. పాల అబ్బాయితో, మీటరు చూసేవాడితో, పొరపాటున వేరే నంబరుకి చేసినవాళ్ళతో కూడా మాట్లాడి చూసింది. తీరలేదు. అందుకే పోయిన నెల ఆస్పత్రివాళ్ళ ప్రకటన కనబడితే ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. ఇంటి నుంచే ఫోన్లు తీసుకుని రోగులకి డాక్టరు సమయం ఇచ్చే ఆపరేటర్లు కావాలి. ఎనిమిది సీట్లు. వయసుతో పనిలేదు, గొంతు ముఖ్యం. ఆమె ఫోన్‌లో రెండు వాక్యాలు మాట్లాడగానే అక్కడి సూపర్‌వైజరమ్మ ఏడో నంబరు సీటు మీదేనని చెప్పేసింది.

షరతు ఒక్కటే. సోమవారం ఉదయం పది నుంచి పన్నెండులోగా ఇంట్లో కంప్యూటరు నుంచి ఆస్పత్రి నెట్‌వర్క్‌లోకి వచ్చి, తన సీటు పేజీలో హాజరు వేసుకోవాలి. పన్నెండుకి పట్టిక మూసేస్తారు. రాలేనివాళ్ళ సీటు తొమ్మిదో పేరుకి వెళ్ళిపోతుంది. తొమ్మిదో పేరు ఎవరిదో ఆపరేటరమ్మకి తెలియదు గానీ, తెలియకుండానే ఆ మనిషంటే ఆమెకి పడకుండా పోయింది.

ఇంట్లో ఉన్న కంప్యూటరు కూతురు చదువుకునే రోజుల్లోది. మూత తీస్తే కిర్రుమంటుంది, ఎత్తితే చిన్న ఇనప్పెట్టె. అది ఆన్ అయ్యేలోపు టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడుక్కుని రావచ్చు. అల్లుడు ఆదివారం వచ్చి దాని కడుపులో ఉన్నదంతా ఊడ్చేసి, పాత యంత్రాలకి సరిపడే తేలికపాటి లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. గడియారాలాయన అది రెండు చేతులతో ఎత్తి చూసి, "ఎక్కడ తేలికైంది, అంతే ఉంది" అని, ఆ రోజు వాటాలో నాలుగు మాటలు వాడుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అల్లుడు మర్యాదస్తుడు. పెళ్ళయి ఆరేళ్ళయినా అత్తగారు తప్పు చేసిందన్న మాట అతని నోట రాలేదు. ఆమె ఒకసారి కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తే, తనకి ఉప్పు కాస్త ఎక్కువే ఇష్టమని మళ్ళీ వడ్డించుకున్నాడు. అలాంటివాడు కూర్చుని ఆమెకి వీపీఎన్ అంటే ఏమిటో చెప్పాడు. రోగుల వివరాలు కాబట్టి అందరూ నడిచే ఇంటర్నెట్ రోడ్డు మీద పోకూడదని, ఇంటి నుంచి ఆస్పత్రి దాకా బయటివాళ్ళకి కనపడని సొంత దారి ఒకటి వేసుకోవాలని చెబుతుంటే, ఆమె మధ్యలోనే అందుకుంది. మిల్లులో యజమాని గదికీ ఖజానాకీ మధ్య అలాంటి ప్రత్యేకం తీగ ఉండేదట, మధ్యలో ఆపరేటరు కూడా వినడానికి వీల్లేదట. అల్లుడు ఆశ్చర్యపోయాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఇదే సంగతి చెప్పడానికి అతనికి వారం పడుతుంది.

ఆస్పత్రివాళ్ళు తయారుచేసిన బొమ్మల ప్రోగ్రామ్ ఈ పాత యంత్రం మీద ఎక్కదు. కాబట్టి నల్ల తెర తెరిచి, అందులో ఆజ్ఞ టైపు చేసి దారి వేసుకోవాలి. టెర్మినల్ అంటారట దాన్ని. అల్లుడు ఏ అక్షరం తర్వాత ఏ అక్షరమో, ఎక్కడ ఖాళీ వదలాలో పెద్ద కాగితం మీద గుండ్రంగా రాసి గోడకి అంటించాడు. దారి కలిశాక ఆ తెరని అలాగే ఉంచి ఆస్పత్రి పేజీ తెరవమని రాశాడు. అన్నిటికన్నా కింద ఎర్ర సిరాతో ఒక వాక్యం పెట్టాడు. ఎక్కడైనా ఇరుక్కుపోతే కంట్రోల్, సి రెండూ కలిపి నొక్కండి, ఆగిపోతుంది, మళ్ళీ మొదటినుంచి చెయ్యండి.

ఆ కాగితం మొత్తంలో ఆపరేటరమ్మకి వెంటనే నచ్చింది ఆ ఎర్ర వాక్యమే. అది తీగ లాగడమే కదా, ఇంత చదువుకున్నవాళ్ళ యంత్రంలో కూడా తీగ లాగే ఏర్పాటు ఉందని ఆమె మనసు కుదుటపడింది. అల్లుడు పాపం తను ఏం రాసి పెట్టాడో తెలియక హాయిగా బస్సెక్కాడు.

సోమవారం పొద్దున ఆమె మిల్లుకి వెళ్ళినట్టే తయారైంది. జుట్టు బిగించి ముడి వేసుకుంది, ఇస్త్రీ చీర కట్టుకుంది, చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుంది. భర్త బల్ల మీద ఒక సగం ఖాళీ చేయించి కూర్చుంది. ముప్ఫై ఒక్క గడియారాలూ పది కొట్టడం మొదలుపెట్టాయి. బాగుపడాల్సినవి కూడా వాటిలో ఉన్నాయి కాబట్టి పది పూర్తయ్యేసరికి పదీ రెండయింది.

మొదటి ఆజ్ఞ టైపు చేయగానే యంత్రం పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. తెర మీద ఒక్క అక్షరం పడలేదు, కనీసం చుక్కలైనా లేవు. మళ్ళీ కొట్టింది, ఈసారి గట్టిగా. మూడోసారి ఒక్కొక్క మీటనీ వేలితో పొడిచింది. యంత్రం తప్పని చెప్పి తోసేసింది. అల్లుడికి ఫోన్ చేస్తే అతను పనిచేసే చోటు నేలమాళిగట, మెట్ల దగ్గరికి వస్తే తప్ప సిగ్నల్ ఉండదట, రొప్పుతూ పలికాడు. పాస్‌వర్డ్ పక్కవాళ్ళకి కనిపించకూడదని అలా దాచిపెడతారని, కనిపించకపోయినా అది వింటూనే ఉంటుందని చెప్పాడు.

"వింటున్నట్టు ఒక్క చుక్కన్నా పెట్టొచ్చుగా బాబూ" అంది ఆపరేటరమ్మ. అక్కడే ఆమెకి ఆ యంత్రం మీద కొంచెం మనసు విరిగింది.

కళ్ళు మూసుకుని కొడితే ఈసారి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఆస్పత్రివాళ్ళ పాస్‌వర్డ్, దాని తర్వాత ఆమె సెల్‌ఫోన్‌లో కనబడే ఆరంకెల కోడ్. ఆ కోడ్ ముప్ఫై సెకన్లే బతుకుతుంది, తర్వాత కొత్తది పుడుతుందని ఆమె పైకే గొణుక్కుంది. ఆ మాట చెవిన పడగానే గడియారాలాయన తలెత్తాడు. కంప్యూటర్లలో కూడా సమయానికి గౌరవం ఇచ్చే భాగం ఒకటి ఉందని ఆయనకి అప్పుడే తెలిసింది. కుర్చీ జరుపుకుని వచ్చి ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. చూసి, తెర మూల మీద వేలు పెట్టాడు.

"ఆ గడియారం తప్పు."

ఆమె విసుక్కుంది. ఇక్కడ సీటు పోయేలా ఉంటే గడియారం సంగతేమిటని, మీ ముప్ఫై ఒకటీ చాలక నా దాని మీద పడ్డారా అని సాధించింది. ఆయన తిరిగి వెళ్ళి తన లెన్సు కంటికి బిగించుకున్నాడు. ఆమె కోడ్ కొట్టింది. నల్ల తెర మీద వరసలు గబగబా దిగాయి, దిగి దిగి ఏదో తప్పని తేల్చి ఆగిపోయాయి. మూడుసార్లు చేసినా అంతే. నాలుగోసారి ఆమె ఆ వాక్యాన్ని కూడబలుక్కుని అల్లుడికి చదివి వినిపించింది. అవతల ఉన్నది ఆస్పత్రేనని యంత్రానికి రుజువు చూపే ధ్రువపత్రం ఇంకా అమల్లోకి రాలేదని దాని అర్థం.

అల్లుడు మెట్ల దగ్గర కాసేపు ఆలోచించి, తెర మూల తేదీ ఎంత ఉందో చూడమన్నాడు. చూసి ఆమె నాలిక కరుచుకుంది. పద్నాలుగేళ్ళ కిందటి జనవరి ఒకటి. యంత్రం లోపలుండే చిన్న బ్యాటరీ చచ్చిపోవడంతో ఆపేసినప్పుడల్లా అది పాత కాలంలోకి జారుకుంటోంది. దాని లెక్కలో ఈ ఆస్పత్రి ధ్రువపత్రం ఇంకా పుట్టనే లేదు, మిల్లులో తీగల బోర్డు ఇంకా తీసెయ్యలేదు, తను ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆపరేటరమ్మ ఒక క్షణం ఆ తేదీ వంక చూస్తూ ఉండిపోయింది. మార్చాలంటే మనసొప్పలేదు.

ఎలాంటి బ్యాటరీ అని గడియారాలాయన అడగలేదు. సొరుగు లాగి రూపాయి బిళ్ళంత బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాడు. యంత్రం బోర్లించి, వెనక మరలు నాలుగు విప్పి, పాతది తీసి కొత్తది కూర్చోబెట్టడానికి ఆయనకి ఆరు నిమిషాలు పట్టింది. అంతవరకూ బాగానే ఉంది. తేదీ సరిచేసేటప్పుడు వచ్చింది తంటా. నిమిషం సరిపోతే చాలదు, సెకను కూడా సరిపోవాలన్నాడాయన. గోడ మీద తనకి అన్నిటికన్నా నమ్మకమైన గడియారం వైపు చూస్తూ చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. ఆమె వేలు మీట మీద పెట్టుకుని కూర్చుంది. "ఇప్పుడు" అన్నాడు. ఆమె ఒక రెప్పపాటు ఆలస్యంగా నొక్కింది. మళ్ళీ చెయ్యమన్నాడు. ఇలా నాలుగుసార్లయ్యాక గడియారాలు పదకొండు కొట్టాయి.

ఇప్పుడు వరసలు అడ్డం లేకుండా దిగాయి. ధ్రువపత్రం బాగుందంది, పేరు బాగుందంది, కోడ్ బాగుందంది. దిగి దిగి ఒకచోట నిలిచాయి. ఆపరేటరమ్మ హెడ్‌సెట్ సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని, అవతలినుంచి ఎవరో ఒకరు పలుకుతారని చూసింది. ఒకటి, రెండు, మూడు. తెర మీద ఒక తెల్ల చతురస్రం మాత్రం ఉంది, అదీ కదలడం లేదు. ఏడు, ఎనిమిది. శుభాకాంక్షలు లేవు, స్వాగతం లేదు, కలిసిందని ఒక్క గంట మోగలేదు. తొమ్మిది, పది. ఆమె ఎడమ చేతి రెండు వేళ్ళు వాటంతట అవే కంట్రోల్ మీదికి, సి మీదికి వెళ్ళాయి.

నిజానికి దారి ఆరో అంకె దగ్గరే కలిసింది. ఆ తేలికపాటి లినక్స్‌లో ఆజ్ఞలకి ఒక గుణం ఉంది. పని చెడితే కేకలు పెడతాయి గానీ, పని జరుగుతున్నంతసేపూ నోరు మెదపవు. కలిసిన దారి అలా మాట్లాడకుండా తెరిచే ఉంటుంది, ఎవరైనా వచ్చి మూసేదాకా. అల్లుడు ఈ ఒక్క ముక్క కాగితం మీద రాయలేదు. అది రాయాల్సిన సంగతని అతనికి తట్టలేదు.

ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. పాస్‌వర్డ్, పాస్‌వర్డ్, ఆరంకెలు, వరసలు, మౌనం, పది, తెంపు. మళ్ళీ. ఎనిమిదోసారికి ఆమె వేళ్ళకి దారి తెలిసిపోయి కాగితం చూడటం మానేసింది. ఆ వేగం చూస్తే ఆమె గురువులు మురిసిపోయేవాళ్ళు. పదకొండున్నరకి ఆస్పత్రి నుంచి సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది. మిగతా ఏడుగురూ వచ్చేశారట, ఏడో సీటు ఒక్కటీ కాసేపు కనిపించి మాయమవుతోందట, అలా పదకొండుసార్లు జరిగిందట. ఇంట్లో కరెంటు సమస్య ఏమైనా ఉందా అని మర్యాదగానే అడిగింది. తొమ్మిదో పేరు మనిషి పొద్దున్నుంచీ సిద్ధంగా ఉందని కూడా చెప్పింది. 

ఆపరేటరమ్మ అల్లుడికి చేసింది. అతను ఏం చేశారండీ అని అడిగాడు. ఏమీ చెయ్యలేదు బాబూ, అదే పోతోంది అంది. అబద్ధం కాదు. పలకని తీగ లాగడం ఆమె దృష్టిలో ఏదో చెయ్యడం కాదు, ఊపిరి వదలడం లాంటిది. ఆఖరి వరస చదవమన్నాడు. మిల్లు అలవాటు ప్రకారం ఆఖరి వరస ఒక్కటే చదివింది.  ఎవరో మీటలు నొక్కి ఆపితే తప్ప ఆ వరస రాదని అల్లుడికి తెలుసు. తెలిసీ ఏం చెప్పగలడు? ఆరేళ్ళ మర్యాద గొంతుకి అడ్డం పడింది.

"అత్తయ్యగారూ, అది... కీబోర్డు మీద ఎవరి చెయ్యైనా పడుతోందేమో చూడండి" అన్నాడు ఆఖరికి, ఎంత మెత్తగా వీలైతే అంత మెత్తగా.

ఆపరేటరమ్మ తల తిప్పి భర్త వైపు చూసింది. ఈ ఇంట్లో ఆమెవి కాని చేతులు రెండే ఉన్నాయి, అవి రెండూ బల్లకి అవతలి అంచున ఒక చేతిగడియారం పొట్ట విప్పుకుని ఉన్నాయి.

పాపం ఆయనకి ఏం జరిగిందో అర్థమయ్యేలోపే శిక్ష పడింది. తన స్క్రూడ్రైవర్లూ, చిమటాలూ, లెన్సూ మూటకట్టుకుని కిటికీ గట్టు దగ్గరికి పొమ్మంది. మోచేతులు దగ్గర పెట్టుకొమ్మంది. పన్నెండేళ్ళ తర్వాత తన గొంతు ఒకళ్ళకి కావాల్సి వస్తే, బల్ల కూడా పంచుకోవడం చేతకాలేదని నిష్ఠూరమాడింది. ఆయన ముడుచుకుని వెళ్ళి గట్టు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆమెనే చూడటం మొదలుపెట్టాడు.

పన్నెండోసారి పోయింది. పదమూడోసారి పోయింది. ఆమె ముడి జారింది. పదకొండూ నలభై తొమ్మిదికి పద్నాలుగోసారి తెగాక ఆమె హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఇక నావల్ల కాదండీ. దానికి నేనక్కర్లేదు. మిల్లు యంత్రానికీ అక్కర్లేదు, దీనికీ అక్కర్లేదు" అంది. ఏడుపు రాకుండా ఆపుకోవడం కోసం గోడ మీది కాగితాన్ని చూస్తూ కూర్చుంది.

గడియారాలాయన గట్టు మీంచి లేచి వచ్చాడు.

"నువ్వే ఆపేస్తున్నావు."

"నేనా?"

"పది దాకా లెక్కపెడుతున్నావు. పెదాలు కదులుతున్నాయి. పది కాగానే నొక్కేస్తున్నావు. ప్రతిసారీ ఒకటే కొలత, ఒక్క సెకను తేడా లేదు."

"పలక్కపోతే నొక్కనా మరి? పది దాటి పలకలేదంటే అవతల లైను లేనట్టే. ఇరవై ఆరేళ్ళు అదే చేశాను."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడి చాలా కాలమైంది, ఇంకోటి కూడబెట్టుకోవడానికి కాసేపు పట్టింది. ఈలోగా ఆమె పది లెక్కపెట్టేసింది కూడా.

"పెళ్ళయ్యాక నేను నీతో మొదటి మాట మాట్లాడటానికి మూడు రోజులు పట్టింది" అన్నాడు. "ఇప్పటికీ రోజులో సగం మాట్లాడను. అయినా లైను లేదని నువ్వెప్పుడూ లాగెయ్యలేదుగా."

ఆపరేటరమ్మకి ముందు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఆయన మీద పట్టరానంత ప్రేమ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఇంత మంచి మాట ఆయన నోట ఆమె వినలేదు. ఆ ప్రేమ ఇంకా పూర్తిగా స్థిమితపడకుండానే, ఈ సంగతి ఎప్పుడు కనిపెట్టారని అడిగింది. మూడోసారికే చూశానన్నాడాయన. మరి చెప్పరేమని నిలదీస్తే, నన్నెవరూ అడగలేదన్నాడు. ప్రేమ అంతా కోపమైంది. కానీ కోప్పడటానికి టైము లేదు, నమ్మకమైన గడియారం పదకొండూ యాభై రెండు చూపిస్తోంది. హెడ్‌సెట్ మళ్ళీ తగిలించుకుంది.

పాస్‌వర్డ్, పాస్‌వర్డ్, ఆరంకెలు. ఆయన ఆమె సెల్‌ఫోన్ పట్టుకుని కోడ్‌కి ఇంకా పందొమ్మిది సెకన్లుందని భరోసా ఇచ్చాడు. వరసలు దిగాయి, నిలిచాయి. ఒకటి, రెండు. తెల్ల చతురస్రం అలాగే ఉంది. ఎనిమిది, తొమ్మిది. ఆమె ఎడమ చెయ్యి లేచింది. ఆయన ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. నూనె మరకల చెయ్యి, చీరకి అంటుతుందేమోనని మరో రోజైతే విదిలించేసేది. పది. పదకొండు. పన్నెండు. ఆమెకి నడిచే రైల్లోంచి దిగకుండా తలుపు దగ్గర నిలబడ్డట్టుంది. ఇరవై. తెర ఏమీ అనలేదు, కానీ తెగనూ లేదు. కుడి చేత్తో ఆస్పత్రి పేజీ తెరిచి హాజరు నొక్కింది. ఏడో సీటు పక్కన ఆకుపచ్చ గుర్తు వచ్చింది. సమయం పదకొండూ యాభై ఆరు.

హెడ్‌సెట్‌లో సూపర్‌వైజరమ్మ గొంతు వినబడింది. కనిపిస్తున్నారు మేడమ్, దయచేసి ఇక కదలకండి అంది. మరుక్షణం ఇంకో మాట చెప్పింది. పన్నెండు కాగానే లైన్లు తెరుస్తున్నారట, మొదటి కాల్ ఏడో సీటుకే పంపుతుందట.

పన్నెండు అనగానే ఆపరేటరమ్మ కళ్ళు గోడల వైపు తిరిగాయి. ముప్ఫై ఒక్క గడియారాలు, ఒక్కొక్కటీ పన్నెండేసి గంటలు, బాగుపడనివాటి పుణ్యమా అని మూడు నిమిషాల మోత. మొదటి రోగి చెవిలో ఆ మోత పడితే, ఫోన్ గుడి మెట్ల మీద తీశారనుకుంటాడు. ఆమె ఆయన వైపు చూసింది, అంతే.

గడియారాలాయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నమ్మకమైన గడియారం దగ్గరికి వెళ్ళి, దాని తలుపు తీసి, లోలకం మీద వేలు పెట్టాడు. నడిచే గడియారాన్ని ఆయన చేత్తో ఆపడం ఆమె పెళ్ళయ్యాక చూడలేదు. పక్కది ఆపాడు, దాని పక్కది ఆపాడు. కుర్చీ వేసుకుని పైవరసవి, మోకాళ్ళ మీద కూర్చుని కిందివి, కిటికీ గట్టు మీదివి, చివరికి మిల్లువాళ్ళు ఇచ్చింది కూడా ఆపాడు. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమెకి కొత్త. ఆయన గోడకి ఆనుకుని రొప్పుతూ నిలబడ్డాడు.

హెడ్‌సెట్‌లో చిన్న శబ్దం. మొదటి కాల్.

"నమస్కారం, ఆస్పత్రి. చెప్పండి" అంది ఆపరేటరమ్మ. పన్నెండేళ్ళుగా దాచిపెట్టిన గొంతు, ఒక్క ముడత లేకుండా వచ్చింది.

అవతల ఎవరూ మాట్లాడలేదు. ఒకటి, రెండు, మూడు. సన్నగా ఏదో గీసుకుంటున్న చప్పుడు. ఆరు, ఏడు. అదీ ఆగిపోయింది. తొమ్మిది, పది. ఆమె ఎడమ చేతి వేళ్ళు మళ్ళీ లేచాయి. ఈసారి ఆయన దూరంగా ఉన్నాడు, పట్టుకునేవాళ్ళు లేరు. ఆమె ఆ చేతిని తనే తీసుకెళ్ళి ఒళ్ళో పెట్టుకుంది.

"ఉన్నానండీ" అంది. "తొందరేం లేదు. మీ వీలు చూసుకుని చెప్పండి."

మళ్ళీ మౌనం. ఆమె లెక్కపెట్టడం మానేసింది. చాలాసేపటికి ఒక ముసలి గొంతు, గాలి కోసం వెతుక్కుంటూ పలికింది.

"అమ్మా... ఉన్నారా? పెట్టెయ్యలేదా?"

"లేదండీ. ఇక్కడే ఉన్నాను."

ఆయనకి ఆయాసమట. మాట రావడానికి కాస్త టైము పడుతుందట. పొద్దున్నుంచీ మూడు ఆస్పత్రులకి చేస్తే, మూడు చోట్లా ఈయన నోరు తెరిచేలోపే పెట్టేశారట.  ఆ పెట్టేసినవాళ్ళ చేతులు ఎలా కదిలి ఉంటాయో ఆపరేటరమ్మకి బాగా తెలుసు. ఒక్కొక్క మాటకీ ఆగుతూ ఆయన పేరూ వయసూ రాసుకుంది, ఎల్లుండి పొద్దున తొమ్మిదిన్నరకి డాక్టరు సమయం ఇచ్చింది, కాగితం మీద రాసుకునేదాకా ఉంది, రాసుకున్నది ఆయన తిరిగి చదివేదాకా ఉంది.

కాల్ అయ్యాక భర్త వైపు తిరిగింది.

"ఆయన పలికేదాకా ఎంతసేపు ఆగానండీ?"

గడియారాలాయన అలవాటుగా గోడ వైపు చూశాడు. ముప్ఫై ఒక్క గడియారాలూ పన్నెండుకి ఒకటీ రెండూ మూడూ నిమిషాల ముందు, ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. చేతి వైపు చూసుకున్నాడు. చేతికి గడియారం ఉండదు.

"ఏమో" అన్నాడు. "చూసుకోలేదు."

హెడ్‌సెట్‌లో రెండో కాల్ వచ్చింది.